చెట్టు ఎవరిది, జవాబు ఎవరిది?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పొదుపు లెక్కలు విన్నాం, బ్యాంకు లింకేజీ విన్నాం, స్త్రీనిధి బకాయిలు విన్నాం. ఇప్పుడు మేము చెట్ల గురించి మాట్లాడతామంటే "ఇదేం ముచ్చట?" అని కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి ఆలోచించండి. మన సంఘాల్లో చాలావాటికి సొంత గది లేదు, మీటింగు చెట్టు కిందనే. కూరగాయలమ్మే అక్క గంప దింపేది చెట్టు కిందనే. ఉపాధి పనిలో సద్ది విప్పేది చెట్టు కిందనే. బస్సు కోసం నిలబడేది, రేషన్ లైను కట్టేది, అంగన్‌వాడీ పిల్లలు ఆడుకునేది అన్నీ ఆ నీడలోనే. ఊళ్లో చెట్టు నీడను అందరికన్నా ఎక్కువ వాడుకునేది మనమే. కొమ్మ విరిగితే ముందు దెబ్బ తగిలేదీ మనకే.

అందుకే మేము చెప్పదలచుకున్నది ఒకటే మాట. పది మంది తిరిగే జాగాలో ఉన్న ప్రతి చెట్టుకూ ఒక ఆఫీసు జవాబుదారీ. ఆ ఆఫీసు ఏదో తెలుసుకుని, ప్రమాదం కనబడగానే కాగితం మీద పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అప్పుడే ఆ బాధ్యత తప్పించుకోవడానికి వీలుండదు.

సంతలో జరిగింది

మన మండల కేంద్రంలో సంత జరిగే చోట పెద్ద నిద్రగన్నేరు చెట్టు మీకందరికీ తెలుసు. దాని పక్కనుంచి మురికి కాలువ తవ్వినప్పుడు జేసీబీ ఒక పక్క వేర్లన్నీ తెంపింది. మరుసటి ఏడు ఆ పక్క పెద్ద కొమ్మ చిగురు వేయలేదు. బెరడు ఊడి కింద పడింది. సంతలో కూర్చునే మన సభ్యులు ఒక ఆఫీసుకు పోయి చెప్పారు. "ఆ రోడ్డు మాది కాదమ్మా" అన్నారు. రెండో ఆఫీసుకు పోతే "చెట్టు మాదే గానీ, కరెంటు తీగలున్నయి, వాళ్లు లైను బందు చేస్తేనే కొడతం" అన్నారు. మూడో ఆఫీసు వాళ్లు "వాళ్లు రాసిస్తే మేం లైను బందు చేస్తం" అన్నారు. మూడు ఆఫీసులూ చెప్పింది విన్నాయి. చెట్టు దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు.

పోయిన వేసవిలో గాలి దుమారం లేచిన సాయంత్రం ఆ కొమ్మ విరిగింది. మన సభ్యురాలి చేయి రెండు చోట్ల విరిగింది. ఏడు వారాలు ఆమె సంతకు పోలేదు. కిస్తీ ఆగకుండా సంఘం వాళ్లు తలా కొంత వేసి కట్టారు. అడగడానికి పోతే "మాకెవరు చెప్పారు? కాగితమేది?" అని ఎదురు ప్రశ్న వచ్చింది. ముగ్గురు ముగ్గురికి చెప్పిన మాటకు సాక్ష్యం లేకుండా పోయింది.

ఆ తర్వాత సంతలో కూర్చునే వాళ్లందరి సంతకాలతో ఒకటే దరఖాస్తు రాసి, మూడు ఆఫీసుల పేర్లూ పైన పెట్టి, మూడు చోట్లా ముద్ర వేయించుకున్నాం. ప్రతి ప్రతిలో మిగతా ఇద్దరికీ ఇచ్చినట్టు రాసి ఉంది. పదిహేను రోజుల్లో లైను బందు చేశారు, ఎండిన కొమ్మలు తీశారు. చెట్టు నిలబడే ఉంది, నీడ ఉంది, సంతా నడుస్తోంది. మనం అడిగింది చెట్టును కొట్టమని కాదు, చెట్టును చూడమని.

రాజ్‌కోట్ కేసు మనకు చెప్పేది

కాగితం అని మేము ఎందుకింత పట్టుబడుతున్నామో ఒక కేసు చెబితే అర్థమవుతుంది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో 1975లో ఒక చిన్న ఉద్యోగి రైలు దిగి ఆఫీసుకు నడిచి పోతుంటే రోడ్డు పక్క చెట్టు మీద పడింది. ఆయన చనిపోయాడు. భార్యాపిల్లలు మున్సిపల్ కార్పొరేషన్ మీద దావా వేశారు. కింది కోర్టు పరిహారం ఇవ్వమంది, హైకోర్టు సరేనంది. కార్పొరేషన్ సుప్రీంకోర్టుకు పోయింది. 1997లో తీర్పు వచ్చింది, కార్పొరేషన్‌కే అనుకూలంగా. చెట్టు పడిపోయే స్థితిలో ఉందని ముందుగా తెలిసే వీలు లేనప్పుడు, అది హఠాత్తుగా పడితే దాన్ని కార్పొరేషన్ నిర్లక్ష్యం అనలేమని కోర్టు భావించింది. ఊళ్లోని చెట్లన్నిటినీ ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలనే భారం మోపడానికి మన దేశ పరిస్థితులు ఇంకా అనుకూలించవని కూడా అంది.

భర్త పోయిన ఆడమనిషి ఇరవై రెండేళ్లు కోర్టుల చుట్టూ తిరిగితే చివరికి వచ్చిన మాట ఇది. వింటే మనసు చివుక్కుమంటుంది. కానీ అందులో మనకు పనికొచ్చే తాళంచెవి ఉంది. ఆ తీర్పంతా "ముందే తెలుసా, తెలియదా" అన్న దగ్గర తిరిగింది. మరి ఎండిన కొమ్మ అందరికీ కనబడుతూ ఉంటే? "ఇది పడేటట్టుంది" అని మీ సంఘం రాసిచ్చిన కాగితం మీద ఆ ఆఫీసు ముద్ర ఉంటే? అప్పుడు "మాకు తెలియదు" అన్న మాటకు చోటు ఉండదు. కోర్టుకు పోవాలని కాదు మేము చెప్పేది. కోర్టు దాకా పోయే పని పడకుండా, కొమ్మ విరగక ముందే ఆఫీసు కదలాలని.

ఏ చెట్టు ఎవరిది?

దరఖాస్తు ఎవరికి ఇవ్వాలో తెలియకనే మనం సగం తిరుగుతాం. గుర్తు పెట్టుకోండి. చెట్టు ఏ జాగాలో ఉందో ఆ జాగా ఎవరి చేతిలో ఉందో వాళ్లే మొదటి జవాబుదారీ.

ఊరి లోపలి బజార్లు, గ్రామ పంచాయతీ ఆవరణ, సంత, బొడ్రాయి దగ్గర ఉంటే పంచాయతీకి, అంటే సర్పంచ్‌కు, పంచాయతీ కార్యదర్శికి. పట్నంలో అయితే మున్సిపల్ కమిషనర్‌కు. మండలాల మధ్య పెద్ద రోడ్లు చాలావరకు రోడ్లు భవనాల శాఖవి. జాతీయ రహదారి అయితే ఆ రహదారి అధికారులకు. కాలువ గట్టు, చెరువు కట్ట మీద ఉంటే నీటిపారుదల శాఖకు. బడిలో ఉంటే ప్రధానోపాధ్యాయులకు, మండల విద్యాధికారికి. దవాఖానాలో ఉంటే డాక్టరు గారికి. దేవాదాయ శాఖ గుడి అయితే కార్యనిర్వహణాధికారికి. కొమ్మలు తీగలకు తగులుతుంటే, జాగా ఎవరిదైనా సరే, విద్యుత్ శాఖ ఏఈకి కూడా ఒక ప్రతి.

ఎవరిదో తేలకపోతే? సందేహమున్న ఆఫీసులన్నిటికీ ఇవ్వండి, తహసీల్దారుకు ఒక ప్రతి ఇవ్వండి. జాగా ఎవరిదో తేల్చుకోవడం ఆఫీసుల పని. మన పని ప్రమాదం చెప్పడం.

చట్టం ఏమంటోంది?

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ మనకు చాలా ఉపయోగం. పాత సీఆర్‌పీసీలో ఇది 133వ సెక్షన్. చుట్టుపక్కల ఉండేవాళ్లకు, వ్యాపారం చేసుకునేవాళ్లకు, దారిన పోయేవాళ్లకు దెబ్బ తగిలేలా చెట్టు పడిపోయే స్థితిలో ఉంటే, దాన్ని తీసేయమని గానీ, ఊతం పెట్టమని గానీ కలెక్టర్, ఆర్డీవో ఆదేశం ఇవ్వవచ్చు. చట్టంలోనే ఊతం అన్న మాట ఉందని గమనించండి. నరకడం ఒక్కటే దారి అని చట్టం కూడా అనలేదు.

2003 నాటి విద్యుత్ చట్టం 68వ సెక్షన్ తీగలకు అడ్డమయ్యే చెట్ల గురించి చెబుతుంది. విద్యుత్ సంస్థ దరఖాస్తు చేస్తే మేజిస్ట్రేటు ఆ చెట్టును తీయించవచ్చు. లైను వేయక ముందు నుంచే చెట్టు అక్కడుంటే, దాని యజమానికి పరిహారం ఇప్పించాలని కూడా అందులోనే ఉంది. మీ చేను గట్టు మీది చింతచెట్టు లైను కోసం పోతే ఈ సంగతి అడగండి.

2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సంబంధిత అధికారి అనుమతి లేకుండా చెట్టు నరకకూడదు. కాబట్టి భయమేసిందని మనమే గొడ్డలి పట్టొద్దు, కిరాయి మనిషిని పెట్టొద్దు. తీగలున్న చోట అది ప్రాణం మీదికి వస్తుంది కూడా.

రెండు తప్పుడు జవాబులు

ఎక్కడైనా చెట్టు పడిందంటే రెండు మాటలు వినబడతాయి. ఒకటి, "అన్నీ కొట్టేయండి, పీడ పోతుంది." రెండోది, "పచ్చని చెట్టు ముట్టొద్దు, పాపం తగులుతుంది." మొదటి మాట వింటే మన నీడ పోతుంది. రెండో మాట వింటే మన ప్రాణం పోతుంది.

2021లో మన తెలంగాణ జిల్లాల్లో వేపచెట్లు కొసల నుంచి ఎండిపోవడం మీకు యాదికి ఉంటుంది. ఊరంతా భయపడింది. వేపే పోతే ఇంకేం మిగులుతుందని కళ్లనీళ్లు పెట్టుకున్న ముసలమ్మలు ఉన్నారు. అది శిలీంధ్రం వల్ల వచ్చిన కొమ్మ ఎండు తెగులని వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు. చచ్చిపోయాయనుకున్న వేపల్లో చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. ఆ రోజు ఎండిందని కొట్టేసి ఉంటే ఈ రోజు ఆ నీడ ఉండేది కాదు. గోటితో బెరడు కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మలో జీవం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టే.

బాధ్యతగా చూసుకోవడమంటే ఎట్లా ఉంటుందో చూడాలంటే మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రికి పోవాలి. సుమారు 700 ఏళ్ల వయసని చెప్పుకునే ఆ మర్రి ఎకరాల కొద్దీ పరుచుకుని ఉంది. పిల్లలు ఊడలు పట్టుకుని ఊగేవాళ్లు, జనం కొమ్మలెక్కి ఫొటోలు దిగేవాళ్లు. లోపల చెదలు తొలిచాయి. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ కూలింది. అప్పుడేం చేశారు? ముందు జనాన్ని లోపలికి రానీయకుండా ఆపారు. అంటే మనుషుల ప్రాణం మొదట. తర్వాత అటవీ శాఖ వాళ్లు చెట్టుకు వైద్యం మొదలుపెట్టారు. మనిషికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి, చెదల మందు నీళ్లలో కలిపి చుక్క చుక్కగా చెట్టుకు ఎక్కించారు. బరువైన కొమ్మలకు కింద ఊతాలు కట్టారు. చెట్టు బతికింది. ప్రమాదమని మూసి వదిలేయలేదు, ప్రమాదమని కొట్టేయలేదు. అంత ఖర్చు ప్రతి చెట్టుకూ పెట్టమని మనం అడగం. కానీ ఆ వరస ప్రతి చెట్టుకూ వర్తిస్తుంది. ముందు చుట్టూ తాడు కట్టి జనాన్ని ఆపడం, తర్వాత తెలిసినవాళ్లతో చూపించడం, తర్వాత కొమ్మ తీయాలా, ఊతం పెట్టాలా, చెట్టే తీయాలా అన్నది తేల్చడం.

మన కళ్లతో మనం చూసుకోగలిగినవి

ఇంజనీరు చదువు లేకున్నా కొన్ని గుర్తులు మనకు కనబడతాయి.

• పెద్ద కొమ్మ చిగురు వేయకుండా మోడుగా మిగలడం, బెరడు ఊడి రాలడం.
• మొదలు దగ్గర కుక్కగొడుగులు మొలవడం. లోపల కుళ్లు ఉండవచ్చు.
• చెదల మట్టి కాండం మీద పైపైకి పాకడం.
• చెట్టు కొత్తగా ఒక పక్కకు ఒరగడం, రెండో పక్క నేల పగిలి పైకి లేవడం. ఇది కనబడితే ఆ రోజే చెప్పాలి. చిన్నప్పటి నుంచి వంగి పెరిగిన చెట్టు సంగతి వేరు.
• కాలువకో, పైపులైనుకో, సీసీ రోడ్డుకో తవ్వి వేర్లు తెంపడం. చెట్టు వెంటనే పడదు. ఏడాది, రెండేళ్ల తర్వాత గాలికి పడుతుంది. అందుకే తవ్విన తేదీ రాసిపెట్టుకోండి.
• మొదట్లో చెత్త తగలబెట్టి కాండం సగం కాలిపోవడం.

తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోతుందని లేదు. తొర్ర చుట్టూ గట్టి కట్టె మందంగా ఉంటే ఏళ్ల తరబడి నిలబడుతుంది. అది తేల్చేది అటవీ శాఖ వాళ్లు. మనం చూపిస్తే చాలు.

ఇంకో సంగతి. తీగల కోసమని ఏటా ఒక పక్కే కొట్టుకుంటూ పోతే చెట్టు బరువు రెండో పక్కకు పడుతుంది. తల మొత్తం నరికేస్తే గుంపుగా వచ్చే కొత్త కొమ్మలకు పట్టు తక్కువ, పెద్దయ్యాక సులువుగా విరుగుతాయి. కొట్టడానికి వచ్చిన వాళ్లను "ఎంత కొడతారు, ఎందుకు కొడతారు, కాగితం చూపండి" అని మర్యాదగా అడగండి.

నాటేటప్పుడే బాధ్యత మొదలు

మన అక్కచెల్లెళ్లలో చాలామంది ఊరి నర్సరీల్లో పనిచేసినవాళ్లే. సంచుల్లో మట్టి నింపింది మనమే, నీళ్లు పోసింది మనమే. 2015లో హరితహారం మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరికో నర్సరీ ఉండాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని పంచాయతీల మీద బాధ్యత పెట్టింది. మంచిదే. మొక్క బతికిందా అని లెక్క అడుగుతున్నారు. మానైన చెట్టు బాగుందా అని కూడా అడగాలి కదా? మొక్కకు రిజిస్టరు ఉన్నట్టే చెట్టుకూ ఒక రిజిస్టరు ఉండాలని ఈ సభ ద్వారా కోరుతున్నాం.

నాటేటప్పుడు తల పైకెత్తి చూడాలి. తీగ కింద పెద్దగా పెరిగే చెట్టు నాటితే రేపు దాన్ని కొట్టక తప్పదు. బజార్లు సిమెంటు చేసేటప్పుడు చెట్టు మొదలు దాకా పోయనీయొద్దు. ఢిల్లీ చెట్ల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో, కాండం చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయాలని, చెట్లకు కొట్టిన మేకులు, బోర్డులు, తీగలు తొలగించాలని ఆదేశించింది. అక్కడి చెట్టుకు ఊపిరాడాలంటే ఇక్కడి చెట్టుకూ ఆడాలి. ఒక మీటరు అంటే మన రెండు మూరలకు కాస్త ఎక్కువ. అంత జాగా వదలడానికి పైసా ఖర్చు కాదు.

ప్రతి గ్రామ సంఘానికి మా వినతి

1. ఏటా రెండుసార్లు, ఉగాది తర్వాత ఒకసారి, మృగశిర కార్తెకు ముందు ఒకసారి, ఊళ్లో జనం కూడే జాగాల్లో చెట్లన్నీ తిరిగి చూడండి. పంచాయతీ కార్యదర్శిని, లైన్‌మన్‌ను వెంట రమ్మని పిలవండి.

2. గ్రామ సంఘం తీర్మాన పుస్తకంలో చెట్టు ఏది, ఎక్కడుంది, ఏం కనబడింది, ఏ తేదీన చూశాం అని రాయండి. ఫోనులో ఫొటో తీయండి.

3. దరఖాస్తు ఇట్లా రాస్తే చాలు: "మా ఊరి బడి గేటు పక్కనున్న చింతచెట్టుకు తూర్పు వైపు పెద్ద కొమ్మ ఎండి పిల్లల మీద పడేటట్టు ఉంది. తీగలు కూడా దగ్గరున్నాయి. వెంటనే పరిశీలించి, కొమ్మ తీయడమో ఊతం పెట్టడమో చేయాలని, అంతదాకా కింద ఎవరూ నిలబడకుండా అడ్డు కట్టాలని కోరుతున్నాం." రెండు ప్రతులు. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర.

4. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇవ్వండి, 152వ సెక్షన్ మాట అందులో రాయండి. అప్పటికీ లేకపోతే, మన దరఖాస్తు మీద ఏం చర్య తీసుకున్నారని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేదరిక రేఖకు దిగువనున్నవాళ్లకు ఫీజు లేదు.

5. కొమ్మ పడి తీగ తెగితే ఎవరూ దగ్గరికి పోవద్దు, పిల్లల్ని పోనీయొద్దు. 1912కు ఫోను చేయండి. ఉరుములు మెరుపులున్నప్పుడు ఎంత మంచి చెట్టయినా దాని కింద నిలబడొద్దు.

6. ప్రధానమంత్రి సురక్షా బీమా మీ ఖాతాలో నడుస్తోందో లేదో బ్యాంకు పుస్తకంలో చూసుకోండి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకు 2 లక్షలు, ఒక చేయో కాలో శాశ్వతంగా పోతే లక్ష. విరిగి అతుక్కున్న చేతికి ఇది రాదు. అందుకే బీమా ఉంది కదా అని ఎండు కొమ్మ కింద కూర్చోలేం.

వేదిక మీదున్న అధికారులకు ఒక్క మనవి. మీకు సిబ్బంది తక్కువ, పని ఎక్కువ అని మాకు తెలుసు. కొడితే కొట్టారంటారు, కొట్టకపోతే కొట్టలేదంటారు, ఆ ఇబ్బందీ తెలుసు. మండలంలోని చెట్లన్నీ తిరిగి చూడడం మీ ఒక్కరి వల్ల కాకపోవచ్చు. ప్రతి ఊళ్లో మా సంఘాలున్నాయి, వేల కళ్లున్నాయి. చూసే పని, రాసే పని మేము చేస్తాం. రోడ్లు, కరెంటు, అటవీ, పంచాయతీ అధికారులు నలుగురూ వేసవికి ముందు ఒక పూట కలిసి కూర్చుని, మేమిచ్చిన జాబితా మీద ఏది ఎవరి పని అని పక్కన రాసి సంతకం పెట్టండి. మూడు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ మాకు తప్పుతుంది. అడగడానికి వచ్చినప్పుడు కసురుకునే బాధ మీకూ తప్పుతుంది.

అక్కలూ, చెల్లెళ్లూ, మన పుస్తకాల్లో ప్రతి రూపాయికీ లెక్క ఉంది. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు కట్టాలి, ఎవరు జామీను, అన్నీ రాసి ఉంటాయి కాబట్టే మన సంఘాలు నిలబడ్డాయి. ఆ పుస్తకంలోనే చివరి రెండు పేజీలు ఊరి చెట్లకు ఇవ్వండి. వచ్చే నెల మీటింగు ఎజెండాలో మొదటి అంశంగా పెట్టుకోండి. మృగశిర లోపల అన్ని గ్రామ సంఘాల జాబితాలు సమాఖ్య కార్యాలయానికి అందాలి. వచ్చే మహాసభలో ఎన్ని దరఖాస్తులు ఇచ్చాం, ఎన్నిటికి పని జరిగింది అన్న లెక్క, పొదుపు లెక్కతో పాటు చదివి వినిపిస్తాం.